తేయాకు లేదు కదా అనుకున్నాను

ఎనిమిదో నెలలో మా అమ్మాయికి రక్తం పడిపోవడంలో నా చేతి పని కూడా ఉంది. ఈ సంగతి ఇన్నాళ్లూ నాకూ, అమ్మాయికీ, ఆమెకు పురుడు పోసిన డాక్టరుగారికీ మాత్రమే తెలుసు. కడుపుతో ఉన్న పిల్ల ఏ ఇంట్లో ఉన్నా, ఆ ఇంట్లో నాలాంటి తల్లో అత్తో పొయ్యి మీద ఏదో ఒక ఆకు మరిగిస్తూ కనిపిస్తోంది ఈ మధ్య. అందుకే రాయాలనిపించింది.

మొదలైంది అల్లంతో. నెల తప్పిన కొన్నాళ్లకే వేవిళ్లు పట్టుకున్నాయి. హైదరాబాద్‌లో ఉద్యోగం, పొద్దున్నే ఆఫీసు క్యాబు, మంచినీళ్లు తాగినా కక్కేస్తోంది. చిన్న అల్లం ముక్క దంచి నీళ్లలో మరిగించి, వడకట్టుకుని గుక్కగుక్కగా తాగమని ఫోన్లో చెప్పాను. తగ్గింది. పూర్తిగా పోలేదుగానీ, రెండు ముద్దల పెరుగన్నం కడుపులో నిలిచేంతగా తగ్గింది. వేవిళ్లకు అల్లం సాయం చేస్తుందని వైద్యులే పరీక్షించి చూశారు. ఆ పరీక్షల్లో చాలావాటిలో రోజు మొత్తం మీద ఇచ్చింది ఒక గ్రాము ఎండు అల్లం పొడి, అదీ మూడు నాలుగు సార్లుగా పంచి. అంటే దానికి ఒక జబ్బు ఉంది, ఒక కొలత ఉంది, వేవిళ్లు తగ్గాక ఆపే రోజూ ఉంది. ఇవేవీ నా బుర్రకెక్కలేదు. నా మాట పనిచేసిందన్నది ఒక్కటే ఎక్కింది. అక్కణ్నుంచి పిల్ల ఆరోగ్యం విషయంలో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదన్న ధీమా వచ్చేసింది.

ఐదో నెలలో మా అల్లుడి అక్క న్యూజెర్సీ నుంచి వస్తూ ఒక టీ డబ్బా తెచ్చింది. గర్భిణుల కోసమే తయారుచేసిందట. రాస్ప్‌బెర్రీ ఆకు, నెటిల్ అనే మరో ఆకు, పుదీనా, ఇంకా ఏవేవో. అక్కడ కడుపుతో ఉన్నవాళ్లు చాలామంది తాగుతారని, కాన్పు తేలికవుతుందని చెప్పింది. ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. రాస్ప్‌బెర్రీ ఆకు గర్భసంచికి బలమిస్తుందని పాశ్చాత్య దేశాల మంత్రసానులు తరాలుగా నమ్ముతున్నారు. ఆస్ట్రేలియాలో 192 మంది తొలిచూలు స్త్రీలతో చేసిన ఒక పరీక్ష ఫలితాలు 2001లో వచ్చాయి. ఆకు మాత్రలు తీసుకున్నవాళ్లకు నొప్పుల మొదటి దశ ఏమాత్రం తగ్గలేదు. రెండో దశ సగటున పది నిమిషాల లోపు తగ్గింది. ఆ మాత్రలు మొదలుపెట్టింది 32వ వారంలో, ఏ ఇబ్బందీ లేని గర్భిణులకు, వైద్యుల కనుసన్నల్లో. మా అమ్మాయికి నేను తాగించింది ఐదో నెలలో, ఎవరినీ అడక్కుండా. ఇవన్నీ నేను తర్వాత చదువుకున్నవి. అప్పుడు చదివింది డబ్బా మీద బొమ్మని.

నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం ఇంకొకటి ఉంది. నేను కడుపుతో ఉన్నప్పుడు మా అమ్మ నన్ను బొప్పాయి తోట దరిదాపుల్లోకి రానిచ్చేది కాదు. అదంతా చాదస్తమని నేను పిల్లకు చెప్పాను. పచ్చి బొప్పాయి పాలకు గర్భసంచిని ముడుచుకునేలా చేసే గుణం ఉందని ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. బాగా పండిన పండుతో ఆ ఇబ్బంది కనబడలేదు. మా అమ్మ భయం కొంత ఎక్కువైనా, ఆ భయం వెనక ఒక జాగ్రత్త ఉంది. చెట్టు నుంచి వచ్చినదానికి ఒంటి మీద పనిచేసే బలం ఉంటుందని ఆవిడకు తెలుసు. నేనేమో ఆవిడ జాగ్రత్తను చాదస్తమని పక్కనపెట్టి, డబ్బాలో వచ్చిన ధైర్యాన్ని తలకెత్తుకున్నాను.

ఏడో నెలలో సీమంతం చేసి పిల్లను తణుకులో మా ఇంటికి తీసుకొచ్చాం. అప్పటికి డబ్బా ఖాళీ. మనకు ఆకులకు కరువా అనుకుని నేనే సొంతంగా మొదలుపెట్టాను. పెరట్లో పుదీనా గుప్పెడు, నాలుగు తులసి ఆకులు, చెంచా సోంపు. పంచదార వేస్తే షుగరొస్తుందేమోనని తీపి కోసం అతిమధురం కర్ర చితక్కొట్టి వేసేదాన్ని. పొద్దున ఒకసారి, టిఫిను తర్వాత ఒకసారి, సాయంత్రం, రాత్రి. పిల్ల ఇష్టంగా తాగేది. అది చూసి నాకెంత తృప్తిగా ఉండేదో చెప్పలేను.

నర్సమ్మ (ఏఎన్ఎం) ఇచ్చిన ఎర్రటి ఐరన్ మాత్ర అంటే మాత్రం దానికి పడేది కాదు. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజూ వేసుకోవాలి, కాన్పయ్యాక మరో 180 రోజులు వేసుకోవాలి. "తుప్పు వాసనమ్మా, గొంతులోనే ఆగిపోతోంది" అని రోజూ మొహం తిప్పుకునేది. ఒకరోజు నా చేతిలో ఉన్న గ్లాసు అందించి, "దీంతో మింగు తల్లీ, పుదీనా ఘాటుకి వాసన తెలీదు" అన్నాను. మింగేసింది. మర్నాటి నుంచి అదే అలవాటైపోయింది.

మాత్ర వేసుకున్నప్పుడు టీ, కాఫీ తాగొద్దని గర్భిణి కార్డు రాసిన రోజే ఏఎన్ఎం చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. నాకు గుర్తుంది కూడా. ఇందులో తేయాకు లేదు కదా, పాలు లేవు కదా అనుకున్నాను. ఎవరినైనా అడిగితే రెండు నిమిషాల పని. అడగలేదు.

ఎనిమిదో నెల పరీక్షలో హిమోగ్లోబిన్ 8.6 వచ్చింది. అంతకు ముందు 10.4 ఉండేది. కడుపుతో ఉన్నవాళ్లకు 11 దాటి ఉండాలి. బీపీ 138/88. డాక్టరుగారు కాగితం చూసి, "మాత్రలు వేసుకుంటున్నావామ్మా?" అని అడిగారు. వేసుకుంటున్నానండీ అంది. "దేంతో వేసుకుంటున్నావు?" పిల్ల నా మొహం చూసింది. నేను కల్పించుకుని, "మంచినీళ్లతోనేనండీ" అన్నాను. ఇంట్లో ఇంకేమైనా ఇస్తున్నారా, మందులు, కషాయాలు అని అడిగారు. అబ్బే, ఏమీ లేదండీ అన్నాను.

ఎందుకన్నానో ఎన్నోసార్లు ఆలోచించాను. ఆ క్షణంలో నాకు తప్పు చేశానని తెలియదు. తెలిసింది ఒక్కటే: చెబితే వద్దంటారు. వద్దంటే పిల్ల ముందు నా మాట పడిపోతుంది. నా మాట నిలబెట్టుకోవడం కోసం, బిడ్డను మోస్తున్న నా బిడ్డ గురించి, దాన్ని కాపాడాల్సిన మనిషికి అబద్ధం చెప్పాను.

మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నా రక్తం పడిపోతోందంటే డాక్టరుగారు ఏం చేస్తారు? వేరే కారణాలు వెతుకుతారు. తలసీమియా లక్షణం ఉందేమోనని ఒక పరీక్ష, కడుపులో నులిపురుగులున్నాయేమోనని ఇంకొకటి, మళ్లీ రక్తం తీయడం. అసలే రక్తం లేని పిల్ల చేతికి నా అబద్ధం వల్ల మళ్లీ సూది గుచ్చారు. పుట్టబోయే బిడ్డకు తలసీమియా వస్తుందా అని అల్లుడు ఆ రాత్రంతా ఫోన్లో వెతుక్కుంటూ కూర్చున్నాడు. ఆటోలో ఇంటికొస్తున్నప్పుడు పిల్ల, "అలా ఎందుకు చెప్పావమ్మా?" అని అడిగింది. నేను వీధిలోకి చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు పిల్లే డాక్టరుగారికి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పేసింది. డాక్టరుగారు ఇద్దరినీ రమ్మన్నారు. నన్నొక్క మాట అనలేదు. కాగితం తీసుకుని ఏమేం వేశానో, ఎంతెంత వేశానో, ఎప్పుడెప్పుడు ఇచ్చానో రాయించుకున్నారు. తర్వాత చెప్పారు. ఇనుమును పట్టి ఒంటికి అందనివ్వకుండా చేసేవి పాలిఫినాల్స్ అనే పదార్థాలు. అవి తేయాకులోనే కాదు, చాలా ఆకుల్లో ఉంటాయి. 1999లో అచ్చయిన ఒక అధ్యయనంలో రొట్టెతో పాటు రకరకాల పానీయాలు తాగించి, మంచినీళ్లు తాగినప్పటితో పోలిస్తే ఇనుము ఎంత తక్కువ ఒంటబట్టిందో కొలిచారట. మామూలు టీతో 79 నుంచి 94 శాతం తగ్గింది. పెప్పర్‌మింట్ టీతో 84 శాతం. నిద్ర బాగా పడుతుందని తాగే చామంతి టీతో కూడా 47 శాతం. పెప్పర్‌మింట్ అంటే మన పుదీనాకు దగ్గరి చుట్టమే.

అది తిండిలో ఉండే ఇనుము లెక్క, మాత్రలో ఇనుము చాలా ఎక్కువ కాబట్టి అంత నష్టం జరిగి ఉండకపోవచ్చని కూడా ఆవిడే చెప్పారు. చివరి మూడు నెలల్లోనే బిడ్డ తల్లి నుంచి ఎక్కువ ఇనుము లాక్కుంటుంది, తల్లి ఒంట్లో రక్తం పలచబడటమూ మామూలే, తప్పంతా టీ మీదే వేయలేమన్నారు. ఆ మాటను నేను ఊరటగా తీసుకోలేదు. బిడ్డ ఎక్కువ ఇనుము లాక్కునే ఆ నెలల్లోనే కదా నేను అడ్డుపడింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశ గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఆ మాత్రను ఊరూరా ఇంటింటికీ చేర్చడానికి ఎంతమంది ఎండలో తిరుగుతున్నారో నాకు తెలుసు. మా గుమ్మం దాటి, పిల్ల నోటి దాకా వచ్చినదాన్ని నేను వృథా చేశాను.

అతిమధురం సంగతి విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దాని తీపికి మూలం గ్లిసరైజిన్ అనే పదార్థం. అది మోతాదు పెరిగితే ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచేలా, పొటాషియం పోయేలా చేసి బీపీ పెంచుతుంది. అసలే చివరి నెలల్లో బీపీ పెరిగితే అది గుర్రపువాతానికి దారితీస్తుందేమోనని డాక్టర్లు భయపడుతూ ఉంటారు. పైగా తల్లి ఒంట్లోని కార్టిసాల్ బిడ్డ మీద పడకుండా మాయలో ఒక ఎంజైమ్ కాపలా కాస్తుంది. గ్లిసరైజిన్ ఆ కాపలానే బలహీనపరుస్తుంది. ఫిన్లండ్‌లో అతిమధురంతో చేసే మిఠాయిలు బాగా తింటారు. గర్భంతో ఉన్నప్పుడు అవి బాగా ఎక్కువగా తిన్న తల్లుల పిల్లలు పన్నెండేళ్లు దాటాక తెలివితేటల పరీక్షల్లో సగటున 7 పాయింట్లు వెనకబడ్డారని అక్కడి పరిశోధకులు 2017లో ప్రకటించారు. కారణం అదేనని ఆ లెక్కలు రుజువు చేయవు. కానీ గర్భిణులు దాన్ని మానేయాలని అక్కడి ఆరోగ్య సంస్థ చెబుతోంది. నేను దగ్గుకి బుగ్గన పెట్టుకునే చిన్న పుల్ల వేరు, నాలుగు పూటలా మరిగించి కడుపుతో ఉన్న పిల్లకు పోసింది వేరు. ఆ తేడా తెలుసుకునే వయసు నాకు ఎప్పుడో వచ్చింది.

ఆకుల నీళ్లు ఆపేశాక బీపీ నెమ్మదిగా 120 దరికి వచ్చింది. రక్తం కోసం మాత్రలతో ఆగే సమయం లేదని సెలైన్‌లో ఐరన్ ఎక్కించారు, రోజు విడిచి రోజు. పలచని డికాషన్ రంగులో ఉంటుంది ఆ మందు. పక్కన కూర్చుని చుక్క చుక్కా దిగడం చూస్తుంటే, పిల్ల నా చెయ్యి పట్టుకుని, "నువ్వు కావాలని చేశావా అమ్మా" అంది. కావాలని చేయలేదు. కానీ అడిగినప్పుడు దాచింది మాత్రం కావాలనే. అది కూడా చెప్పాను దానికి. కాన్పు నాటికి హిమోగ్లోబిన్ 10 దాటింది. ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం.

మా చెల్లెలి కూతురు పీసీఓడీ తగ్గడానికని పుదీనా టీ తాగుతోంది. స్పియర్‌మింట్ అనే పుదీనా రకం టీ రోజుకు రెండుసార్లు నెల రోజులు తాగితే టెస్టోస్టిరాన్ తగ్గినట్టు ఒక చిన్న పరీక్షలో 2010లో కనబడింది, కాబట్టి దాన్ని కొట్టిపారేయను. హార్మోన్లను కదిలించగలిగేదాన్ని మంచినీళ్లలా తాగకూడదని మాత్రం చెప్పాను. వాడే మందుల పేర్లతో పాటు దీని పేరూ డాక్టరుకి చెప్పమన్నాను. వచ్చే ఏడాది పెళ్లి అనుకుంటున్నారు. నెల తప్పిన రోజే ఆపేసి అడగమన్నాను.

మా అమ్మాయి పురిటి స్నానం నాటికి మా పెద్దమ్మ కాయం పంపింది. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వాము, బెల్లం, నెయ్యి, వాటిలో అతిమధురమూ ఉంది. పట్టీ అంతా కాగితం మీద రాసుకుని డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాను. బాలింతకు ఇంకా కొన్ని వారాలు బీపీ చూస్తూ ఉండాలి కాబట్టి అతిమధురం తీసేయమన్నారు, మిగతావి ఉసిరికాయంత చాలన్నారు. పెద్దమ్మకు ఫోను చేసి ఆ మాటే చెప్పాను. కాస్త నొచ్చుకుంది. అయినా అది లేకుండా మళ్లీ కలిపి పంపింది. ఐరన్ మాత్ర రాత్రి నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటోంది అమ్మాయి.