పదివేల మెగాబిట్లూ, ఒక బాంబు షెల్టరూ

సింగపూర్ సైన్స్ పార్క్‌లో కొలవకుండా ఏదీ కొనరు. కెంట్ రిడ్జ్ కొండ పక్కన, నేషనల్ యూనివర్సిటీకి పొరుగున, 1980ల తొలినాళ్లలో ఆ పార్కు వెలిసిందే పరిశోధన కోసం. అక్కడి ఆఫీసులో సర్వర్ కొనాలంటే రద్దీవేళ లోడ్ ఎంత, సగటు ఎంత, రేపెంత పెరుగుతుంది అని పట్టికలు వేయాలి. వేసినా మేనేజరు సగం కోసేస్తాడు. అదే ఇంజనీరు సాయంత్రం సర్కిల్ లైన్ రైలెక్కాక, ఇంటి బ్రాడ్‌బ్యాండ్ కాంట్రాక్టు ముగిసిందని మెసేజ్ వస్తే ఒకే లెక్క చూస్తాడు: పక్కింటివాళ్లది ఎంత? వాళ్లది మూడు గిగాబిట్లయితే మనది పది. మన తెలుగువాళ్లలో ఈ శాస్త్రం ఇంకాస్త ముదిరింది. వ్రతానికి పిలిచిన ఇంట్లో ప్రసాదం తర్వాత వైఫై పాస్‌వర్డ్ చెబుతారు, ఎవరూ అడక్కపోయినా స్పీడూ చెబుతారు.

ఆఫీసులో వేసే పట్టికే ఇంటికీ వేద్దాం. 4కె సినిమాకు సెకనుకు 15 మెగాబిట్లు చాలని నెట్‌ఫ్లిక్సే చెబుతోంది, ఫుల్ హెచ్‌డీకి ఐదు. మంచి నాణ్యత గల వీడియో మీటింగుకు నాలుగు లోపే. నలుగురున్న ఇంట్లో రెండు టీవీల్లో 4కె ఆడుతూ, మొగుడూ పెళ్లామూ చెరో మీటింగులో ఉండి, పిల్లాడు ఆన్‌లైన్ ట్యూషన్ వింటూ, చేతిలో ఫోన్లు వాటి పని అవి చేసుకుంటున్నా యాభై, అరవై దాటవు. భయస్తుల కోసం రెట్టింపు చేసి వంద అందాం, అనుకోకుండా వచ్చే చుట్టాల కోసం ఇంకో వంద. అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2024లో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కనీస డౌన్‌లోడ్ వేగాన్ని పెంచి పెంచి ఆపిందీ వంద దగ్గరే. భారత ప్రభుత్వం 2023లో ఆ కనీసాన్ని రెండుకు పెంచింది. పది గిగాబిట్లంటే పదివేల మెగాబిట్లు. ఇల్లంతా ఒళ్లు దాచుకోకుండా వాడినా అందులో వందో వంతుకు చేరదు.

అసలు చిక్కు వీధి దాకా వచ్చే తీగలో లేదు, గోడలో ఉంది. 1990ల చివరి నుంచి ఇక్కడ కట్టే కొత్త ఇళ్లలో చట్ట ప్రకారం బాంబు షెల్టర్ ఉండాలి: మందపాటి కాంక్రీటు గోడలు, ఇనుప తలుపు. ఆచరణలో అది బియ్యం బస్తాలకూ ఆవకాయ జాడీలకూ పనికొస్తుంది. కొన్ని ఇళ్లలో రౌటర్ కాపురం కూడా అక్కడే. బాంబు పేలుడుకు తట్టుకునేలా కట్టిన గోడను వైఫై తరంగం దాటుతుందని ఆశపడేవాళ్లలో తరంగాల మీదే డాక్టరేట్లు చేసినవాళ్లూ ఉంటారు. అనుమతి లేకుండా ఆ గోడకు బెజ్జం కొట్టి వైరు లాగడం కుదరదు. వైరు లాగినా, చాలా కంప్యూటర్ల పోర్టులు ఒక గిగాబిట్‌వే, అందులో చేతికొచ్చేది సుమారు 940 మెగాబిట్లు. పడగ్గదిలో బొమ్మ ఆగిపోతుంది, ఇంటిల్లిపాదీ కలిసి ఇంకా పెద్ద ప్లాన్ కొంటారు. రౌటర్‌ను ఆ గోడ బయటికి తెచ్చే ముప్ఫై డాలర్ల కేబుల్‌తో తీరే రోగానికి రెండేళ్ల కాంట్రాక్టు వైద్యం.

ఇంకో నమ్మకం: స్పీడు పెంచితే ఊళ్లో అమ్మతో వీడియో కాల్ బాగుంటుందని. 2002లో చెన్నై నుంచి సింగపూర్‌కు సముద్రం అడుగున వేసిన ఐటూఐ కేబుల్ పొడవు సుమారు 3,200 కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి వేగం సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు, అంటే మాట వెళ్లి రావడానికి కనీసం 32 మిల్లీసెకన్లు. ఆ కాంతికి ఇక్కడ మీరు కట్టిన బిల్లు చూపించినా తొందరపడదు. ఇక అటువైపు తణుకులోనో తాడేపల్లిగూడెంలోనో అమ్మ ఫోన్ డేటా సాయంత్రానికి అయిపోయి ఉంటే, ఇటువైపు పదివేల మెగాబిట్లు ఆవిడ నుదురూ సీలింగ్ ఫ్యానూ కలిసిన బొమ్మ కోసం భక్తిగా ఎదురుచూస్తాయి. అమ్మకు మంచి రీఛార్జ్ చేయించడం మేలు, అదీ సింగపూర్‌లో ఒక పూట భోజనం ఖర్చుతో.

ఈ వాదనంతటికీ గట్టి జవాబే ఉంది: తేడా నెలకు కొద్ది డాలర్లేగా, ఎందుకీ రచ్చ? నిజమే, ఇక్కడ వేగం చవక. 2010లో దేశవ్యాప్త ఫైబర్ సేవలు మొదలయ్యాక కంపెనీలు పోటీపడి ధర దించాయి. కానీ ఖర్చు ప్లాన్‌తో ఆగదు. పదికి తగ్గ రౌటర్, దానికి తగ్గ స్విచ్, ఆపై తగ్గ లాప్‌టాప్ కావాలి. మరి ప్రభుత్వమే 2024లో పది గిగాబిట్ల కోసం పది కోట్ల డాలర్ల దాకా పెడతానందే, 2028కల్లా ఐదు లక్షల ఇళ్లు అందుకుంటాయని లెక్కేసిందే అంటారా? దేశం రోడ్డు వెడల్పు చేస్తే ప్రతి ఇంటికీ బస్సు కొనాలని కాదు కదా. పైగా ఇళ్లకిచ్చే ఫైబర్ పద్ధతిలో చాలావరకు ఒకే తీగ సామర్థ్యాన్ని అనేక ఇళ్లు పంచుకుంటాయి. ప్రకటనలోని అంకె పక్కన చిన్నక్షరాల్లో ఉండేది ఆ సంగతే. భవిష్యత్తు మాటకొస్తే, గోడలోని ఫైబర్ ఎక్కడికీ పోదు. అవసరం పడ్డ రోజు పైకి మారడం ఒక ఫోన్ కాల్ పని, కాంట్రాక్టు మధ్యలో కిందికి దిగడమే కష్టం.

పది గిగాబిట్లు నిజంగా కావలసినవాళ్లూ ఉన్నారు: ఇంటి నుంచి వీడియోలు కూర్చేవాళ్లు, రోజూ పెద్ద పెద్ద డేటా ఫైళ్లు ఆఫీసుకు ఎక్కించే పరిశోధకులు. వంద గిగాబైట్ల ఫైలు వంద మెగాబిట్ల మీద రెండుంపావు గంటలు తీసుకుంటుంది, ఒక గిగాబిట్ మీద పదమూడు నిమిషాలు, పది మీద, అవతలి సర్వరూ ఇవతలి డిస్కూ ఒప్పుకుంటే, ఎనభై సెకన్లు. ఆ పన్నెండు నిమిషాలకు ఖరీదు కట్టగలవాడు కొనుక్కోవచ్చు. నెలకోసారి పిల్లాడి గేమ్ దింపే ఇంటికి మాత్రం, ఆ పన్నెండు నిమిషాలు వాడు హోంవర్క్ చేసుకునే ఏకైక అవకాశం.