బావమరిదికి మాఫీ, బావకి ఫీజు

చీటీ ఎగ్గొట్టింది మా బావమరిది. హామీ సంతకం పెట్టింది నేను. వాయిదాలు కట్టింది నేను. ఇప్పుడు అతన్ని క్షమించడం నేర్చుకోవడానికి ముప్పావుగంటకి 1,400 రూపాయల చొప్పున ఫీజు కట్టవలసిందీ నేనేనట. ట్రెజరీ ఆఫీసులో ఊళ్లోవాళ్ల బిల్లులకి కొర్రీలు వేసి వేసి రిటైరైన మనిషిని. ఇలాంటి బిల్లు నా టేబుల్ మీదికి వచ్చి ఉంటే, నష్టపోయినవాడి ఖాతాలోనే మళ్లీ ఈ ఖర్చు ఎందుకు రాశారో సంజాయిషీ అడిగి తిప్పి పంపేవాణ్ణి. ఇంట్లో నా కొర్రీలు చెల్లవు కాబట్టి పాఠకులకి విన్నవించుకుంటున్నాను.

ముందు కేసు పూర్వాపరాలు. ఐదు లక్షల చీటీ, యాభై నెలలు. మావాడు మొదట్లోనే పాట పాడి ఎత్తేశాడు. ఎత్తినవాడు మిగతా వాయిదాలు కడతాడని పూచీ చూపించాలి. 1982 నాటి చీటీల చట్టంలోనే ఆ ఏర్పాటు ఉంది. పూచీకి ప్రభుత్వోద్యోగిని మించిన సరుకు లేదు. ఉద్యోగి పారిపోయినా జీతం పారిపోదని చీటీ కంపెనీలవాళ్లకి బాగా తెలుసు. "ఒక్క సంతకం బావగారూ, ఉత్త ఫార్మాలిటీ" అన్నాడు. ఆ ఫార్మాలిటీ నెలనెలా నా జీతంలో కోతపడింది. అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో హామీదారుడి బాధ్యతా అంతేనని 1872లోనే ఇంగ్లీషువాడు కాంట్రాక్టు చట్టంలో రాసిపెట్టి పోయాడు. కట్టిన సొమ్ము అసలువాడి దగ్గర రాబట్టుకోవచ్చని కూడా అందులోనే రాశాడు, పాపం. కాకపోతే దావా మూడేళ్లలోపు వెయ్యాలి. ఆ మూడేళ్లూ మా ఆవిడ "వాడెక్కడికి పోతాడండీ" అంటూ దాటించింది. నిజమే, ఎక్కడికీ పోలేదు. ఏటా సంక్రాంతికి మా ఇంటికే వచ్చాడు. బాకీకి కాలదోషం పట్టింది. కోపానికి పట్టలేదు. దాని గడువెంతో 1963 నాటి కాలపరిమితి చట్టంలో ఎక్కడా లేదు.

గుండె డాక్టరు బీపీ చూసి, "దేనికైనా ఆవేశపడుతుంటారా?" అని నన్నడిగితే మా ఆవిడ "ఒక్కదానికేనండీ" అని నా తరఫున వాంగ్మూలం ఇచ్చింది. ఆ రాత్రే డల్లాస్ నుంచి మా అమ్మాయి వీడియోలో ప్రత్యక్షమైంది. "నాన్నా, మామయ్య హాయిగా నిద్రపోతున్నాడు. లేచి కూర్చుంటున్నది నువ్వు. ఎవరైనా థెరపిస్టుని చూసుకో, అంతా ఆన్‌లైనే" అంది. దానికి అక్కడ కంపెనీవాళ్ల ఇన్సూరెన్సు ఉంది. ఇక్కడ మాత్రం తక్కువా? ఒంటి జబ్బుకి ఇచ్చినట్టే మనసు జబ్బుకీ బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. ఆ మాట పట్టుకుని అడిగి చూశాను. బావమరిది ఏ జబ్బు కిందికీ రాడట.

యాప్ తెరవగానే మీ సమస్య ఏమిటంటూ పెద్ద జాబితా. ఆందోళన, దిగులు, నిద్రలేమి, దాంపత్యం, ఒంటరితనం, పిల్లల పెంపకం, ఆఫీసు ఒత్తిడి. బంధువులు అనే గడి లేదు. ఈ జాబితా తయారుచేసినవాడికి పెళ్లి కాలేదని అప్పుడే గ్రహించాను. అడుగున ఎక్కడో "క్షమ" అని కనిపిస్తే నొక్కాను. మీరు ఒకరిని క్షమించాలా, ఒకరి చేత క్షమాపణ చెప్పించుకోవాలా, మిమ్మల్ని మీరే క్షమించుకోవాలా అని మూడు గడులు తెరుచుకున్నాయి. నాకు కావలసింది నాలుగోది, డబ్బు. సరే, మొదటిది నొక్కి, భాష దగ్గర తెలుగు అన్నాను. అంతవరకూ నవ్వుతూ నిలబడ్డ ముఖాలన్నీ మాయమై గుప్పెడు మిగిలాయి. వాళ్లలో ఒకాయనకి తెల్లవారుజామున తప్ప ఖాళీ లేదు, ఇంకొకావిడకి దసరా దాకా లేదు. ఇంతమంది తెలుగువాళ్లు ఎవరెవరిని క్షమిస్తున్నారో, ఎన్ని చీటీలు మునిగాయో!

ఆ ముఖాల కింద బిరుదులు చూడాలి. లైఫ్ కోచ్, ఎనర్జీ హీలర్, రిలేషన్‌షిప్ గురు. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. దానికి 1992 నాటి చట్టం ఉంది, మండలి వెబ్‌సైటులో పేరు కొట్టి సరిచూసుకోవచ్చు. సైకాలజిస్టు మందులు రాయడు. రాసేది సైకియాట్రిస్టు, అంటే ఎంబీబీఎస్ మీద చదివిన డాక్టరు. ఇదంతా నేను వోచర్లు తనిఖీ చేసినట్టు ఒక్కొక్కరి నంబరూ చూసి తెలుసుకున్నాను. నంబరున్నవాళ్ల ఫొటోలు పాస్‌పోర్టు ఆఫీసులో తీసినట్టున్నాయి. నంబరు లేనివాళ్ల వెనక మాత్రం సూర్యోదయాలూ తామరపూలూ ఉన్నాయి.

ఒకావిడ పూర్వజన్మలోకి తీసుకెళ్తానంది. మొదటి పది నిమిషాలు ఉచితమంటే కూర్చున్నాను. కళ్లు మూయించి, గాలి పీల్పించి, వెనకటి జన్మలో నేను ధాన్యం వ్యాపారిననీ, కాటాలో నా చేత మోసపోయిన రైతే మా బావమరిదనీ తేల్చింది. అంటే ఇప్పుడతను పట్టుకెళ్లింది తన సొమ్మే. ఋణానుబంధం తీరిపోయింది, మనసులో దండం పెట్టెయ్యమంది. ఈ జన్మ బాకీకే మూడేళ్లకి కాలదోషం పడుతుంటే పోయిన జన్మ బాకీ ఏ కోర్టులో చెల్లుతుందమ్మా అని అడిగేలోగా పది నిమిషాలూ అయిపోయాయి. మా ఆవిడకి మాత్రం ఆవిడ వైద్యం తెగ నచ్చింది.

సర్కారువారి టెలి మానస్ ఉంది కదా అని 14416కి కూడా ఫోన్ చేశాను. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు, మొదలైన సేవ. వెనక బెంగళూరు నిమ్హాన్స్ ఉంది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, పైసా అడగరు. అవతలి అమ్మాయి నా గోడంతా విని, అన్నం తింటున్నారా, నిద్ర పడుతోందా, ప్రాణం మీద విరక్తి లాంటిదేమైనా ఉందా అని నెమ్మదిగా వాకబు చేసింది. నాకు విరక్తి నా ప్రాణం మీద కాదమ్మా అన్నాను. మళ్లీ ఎప్పుడైనా చెయ్యండి సార్ అంది. ఫిర్యాదు రాద్దామని కాగితం ముందు పెట్టుకున్నాను గానీ రాయడానికి ఒక్క లోపం దొరకలేదు. నాలాంటివాడికి అదొక ఇబ్బంది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు స్థలం. పునరావాస మండలి నంబరున్న అమ్మాయినొకరిని ఖాయం చేసుకోగానే, "ఎవరూ వినని గదిలో ప్రశాంతంగా కూర్చోండి" అని మెసేజ్ వచ్చింది. మాది కూకట్‌పల్లిలో రెండు పడగ్గదుల ఫ్లాటు. నేను క్షమించవలసిన మనిషికి స్వయానా అక్కగారు అందులో వంటింట్లో ఉంటుంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే థెరపిస్టు మాట బయటికి రాదు, నా మాట వస్తుంది. పైగా అవి చెవిలో ఉంటే ఎవడికైనా గొంతు పెరుగుతుంది. "ఆ దొంగబుద్ధి వాడికి చిన్నప్పట్నుంచీ ఉన్నదే" అని పడగ్గదిలో నేను మనసు విప్పానో లేదో వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. ఆ పూట చారులో ఉప్పు లేదు, మర్నాడంతా మాట లేదు. మనసులో ఉన్నదంతా కక్కెయ్యమని ఒకరు ఫీజు తీసుకుని చెబుతారు. కక్కినదానికి జరిమానా ఇంట్లో కడతాం.

డాబా ఎక్కాను. కోపం ఒంట్లో ఎక్కడ పట్టినట్టుందో గమనించండి సార్ అని ఆ అమ్మాయి అంటుండగా ట్యాంకు నిండి పొర్లింది. కింద నుంచి "ఎవరండీ పైన, మోటారు కట్టెయ్యండి!" అని కేక. వడియాలు తీసుకోవడానికి వచ్చిన ఐదో అంతస్తావిడ నేను కళ్లు మూసుకుని గుండె మీద చెయ్యి వేసుకోవడం చూసి హడలిపోయింది. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో నాకు గుండెపోటని వార్త పాకిపోయి, సెక్రటరీ పరిగెత్తుకొచ్చాడు. పనిలో పనిగా మెయింటెనెన్సు బకాయి గుర్తుచేశాడు. చివరికి సెల్లారులో కారెక్కి తలుపులేసుకున్నాను. అద్దం దించితే దోమలు, ఎత్తితే ఉక్క. చీకట్లో నేనొక్కణ్ణీ ఫోను పట్టుకుని చేతులు ఊపుతుంటే వాచ్‌మన్ అద్దం తట్టి, "ఇంట్ల గొడవైందా సార్? మా రూముల పండుకోండి" అన్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో ఫీజు లేకుండా, ఫారం నింపించకుండా నా మీద జాలిపడ్డ మనిషి అతనే.

ఇక వైద్యం సంగతి. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ఎన్‌రైట్ అని ఒక ఆచార్యుడు క్షమ మీదే జీవితమంతా పరిశోధన చేశాడట. 1994లో దానికోసం ఒక సంస్థే పెట్టాడు. ఆయన లెక్కలో క్షమకి నాలుగు దశలు, ఇరవై మెట్లు. శబరిమలకే పద్దెనిమిది. ముందు కోపాన్ని బయటికి తీసి నిదానంగా చూసుకోవాలి, తర్వాత క్షమిద్దామని నిర్ణయం తీసుకోవాలి, ఆపైన అవతలివాడి కళ్లతో చూడాలి, ఆఖరికి పడిన బాధలో ఏదైనా అర్థం వెతుక్కోవాలి. మొదటి దశ నాకు బ్రహ్మాండంగా ఉంది. ఇక్కడే ఉండిపోతానమ్మా అన్నాను. కుదరదంది.

ఆ తర్వాత వర్దింగ్టన్ కథ చెప్పింది. ఆయనా అమెరికాలో సైకాలజీ ప్రొఫెసరుగా చేసినవాడే, క్షమ మీదే పనిచేశాడు. 1996 కొత్త సంవత్సరం ముంగిట ఎవరో ఇంట్లో చొరబడి ఆయన తల్లిని చంపేశారు. ఆ హంతకుణ్ణి ఆయన క్షమించాడు. కాసేపు నాకు నోట మాట రాలేదు. అంతటి దుఃఖం ముందు నా చీటీ ఎంత? ఆ మాటే పైకి అనబోయాను. అంతలో నాలోని గుమాస్తా లేచి, ఆ హంతకుడు ఏటా కనుమనాడు భార్యాపిల్లలతో ఆ ప్రొఫెసరుగారింటికి భోజనానికి రాలేదు కదా, గారెలు ఇంకో రెండు వెయ్యమని అడగలేదు కదా అన్నాడు. గుమాస్తా మాటలో న్యాయం ఉందని ఇప్పటికీ అంటాను.

అసలు కొర్రీ ఇదే. "క్షమించడం వేరు, మళ్లీ కలవడం వేరు సార్. క్షమించాక కూడా దూరంగా ఉండాలనుకుంటే ఉండొచ్చు" అంటుంది అమ్మాయి. ఎన్‌రైట్ చెప్పిందీ అదేనట. వాళ్ల దేశంలో వరస బాగుంది. మనసులో క్షమిస్తారు, ఆపైన కలుసుకోవాలో వద్దో తీరుబడిగా ఆలోచించుకుంటారు. మా ఇళ్లల్లో కలవడం ముందే జరిగిపోతుంది. అతని కూతురు ఓణీల ఫంక్షనుకి మేనత్త మొగుడి హోదాలో పీట మీద కూర్చుని అక్షింతలు వేశాను. మా మామగారి తద్దినానికి ఇద్దరం ఒకే వరసలో విస్తళ్ల ముందు కూర్చున్నాం. మా అమ్మాయి పెళ్లిలో కాళ్లు కడగడానికి బిందె పట్టుకున్నది అతనే. రాజీ అంతా సాక్షుల సమక్షంలో, ఫొటోలతో సహా, ఎప్పుడో పూర్తయింది. క్షమ ఒక్కటే మిగిలిపోయింది. ఇరవై మెట్లూ పై నుంచి కిందికి దిగడం ఎలాగో ఏ పుస్తకంలోనైనా ఉంటే చెప్పమన్నాను. రాసుకుంటాను సార్ అంది. నా దగ్గర ఫీజు తీసుకుని నా దగ్గరే రాసుకుంటోంది.

"క్షమించడమంటే ఆయన చేసింది సరేనని ఒప్పుకోవడం కాదు" అన్నప్పుడు మాత్రం నాకు ఆశ పుట్టింది. బ్యాంకులు మొండి బాకీని పద్దుల్లోంచి రద్దు చేస్తాయి. అంతమాత్రాన అప్పు మాఫీ అయినట్టు కాదు, వసూలు ప్రయత్నం నడుస్తూనే ఉంటుంది. అలాంటి క్షమ అయితే రేపే సంతకం పెడతానన్నాను. అమ్మాయి పెన్ను కింద పెట్టి, కొంచెం నీళ్లు తాగి, అది కాదు సార్ అంది. ద్రౌపదిని తోడు తెచ్చుకున్నాను. అరణ్యవాసంలో ధర్మరాజు క్షమ పట్టుకుని కూర్చుంటే, ఎప్పుడూ క్షమా పనికిరాదు, ఎప్పుడూ కోపమూ పనికిరాదని ప్రహ్లాదుడు తన మనవడు బలికి చెప్పిన మాట తీసి ఆవిడ మొగుడి ముందు పెట్టింది. కృష్ణుడంతటివాడు శిశుపాలుడికి నూరు తప్పులని పద్దు తెరిచి, నూరు నిండగానే మూసేశాడు. దేవుడు లెక్క రాసుకుంటే లీల, ట్రెజరీవాడు రాసుకుంటే బీపీనా?

దానికి ఆ అమ్మాయి జవాబు చెప్పలేదు. ఎదురు ప్రశ్న వేసింది. "ఆయన్ని క్షమించేస్తే మీకేం పోతుంది సార్?" డబ్బు అందామనుకున్నాను, అది పోయి చాలా కాలమైంది. పరువు అందామంటే అదీ కాదు. మా ఆవిడ సోఫా మార్చాలన్నప్పుడు నేను చెప్పే సమాధానం చీటీ. పుట్టింటి పట్టుచీరల పద్దు చీటీ. వేసవిలో వాళ్ల ఊరు వెళ్లకుండా తప్పించుకునే దారి చీటీ. మామిడిపళ్ల రోజుల్లో మా బావమరిది నూజివీడు రసాలు బుట్టెడు మోసుకొచ్చి నా మొహం వంక చూడకుండా గుమ్మంలో పెట్టేది ఆ చీటీ వల్లనే. అసలు రాకపోయినా ఇన్నేళ్లుగా వడ్డీ సక్రమంగానే వస్తోందన్నమాట! రిటైరైన మనిషికి పెన్షను కాక ఉన్న రాబడి అదొక్కటే. దాన్ని కూడా రద్దు చేయించడానికి ముప్పావుగంటకి 1,400 ఇచ్చి మరీ మనిషిని పెట్టుకున్నానని తెలిసి నాకు చెమటలు పట్టాయి. అది సెల్లారు ఉక్క మాత్రం కాదు.

ప్యాకేజీ డబ్బు ముందే కట్టించుకున్నారు, వాపసు లేదు. కనక మిగిలిన మెట్లు ఎక్కక తప్పదని సర్దుకుంటుండగా మొన్న యాప్ నుంచి ఒక మెసేజ్: "అభినందనలు! మీ రెఫరల్ కోడ్‌తో మీ ఆప్తులొకరు చేరారు." నేనెవరికీ కోడ్ ఇవ్వలేదు. మా ఆవిడని అడిగాను. పోపు వేస్తూనే చెప్పింది. మా అమ్మాయి పెళ్లిలో నేను వియ్యంకుడి ముందు చీటీ ఊసెత్తి తమ్ముడి తల కొట్టేసినట్టు చేశానట. అతనికి అప్పట్నుంచి నిద్ర లేదట. పాపం, నన్ను క్షమించాలని చూస్తున్నాడట. కోడ్ ఉంది కాబట్టి అతనికి మొదటి సెషన్ ఉచితం.