టైర్లను మాత్రం అడగొద్దు

రాయగడ, కొరాపుట్ల మనవాళ్లకు చిన్న స్పోర్టీ కారు మీద మనసు పడితే కాళ్లు విశాఖపట్నం వైపే నడుస్తాయి. సెకండ్ హ్యాండ్‌లో ఐ20 ఎన్ లైన్, ఆల్ట్రోజ్ రేసర్, అభిరుచి పాతదైతే పోలో జీటీ. ఇంతవరకూ బాగానే ఉంటుంది. మనిషి కారు పక్కన గొంతుక్కూర్చుని టైరు తడమడం మొదలుపెట్టాడంటే మాత్రం బేరం చెడినట్టే. ఆ పని చెయ్యకండి. మీటరును వెనక్కి తిప్పించొచ్చు, బంపరుకు రంగు వేయించొచ్చు, సీట్లకు సెంటు కొట్టించొచ్చు. టైరు ఒక్కటే జరిగింది జరిగినట్టు చెప్పే సాక్షి. అమ్మేవాడు కాఫీ తెప్పించి మర్యాద చేస్తుంటే ఆ సాక్షిని పిలవడం ఏం పద్ధతి?

అది చెప్పే మాటలు ఎంత చేదుగా ఉంటాయో వినండి. రెండంచులూ అరిగి మధ్యభాగం నిలిచి ఉంటే, ఓనరు గాలి సరిగ్గా కొట్టించలేదని. మధ్యలోనే అరిగితే గాలి మరీ ఎక్కించాడని. ఒక పక్కే అరిగితే అలైన్‌మెంట్ పోయిందని, లేదంటే ఏదో గోతిలో దబ్బున పడి కింద ఏదో వంగిందని. అరచెయ్యి పెట్టి రాస్తే ఎగుడుదిగుడుగా తగిలితే షాకబ్జార్బర్ల పని అయిపోయిందని. పైగా లోపలి అంచు అరుగుదల బయటికి కనబడదు. స్టీరింగ్ ఒక పక్కకు పూర్తిగా తిప్పి, వంగి, ఫోను లైటు వేసి చూడాలి. తెల్ల చొక్కా వేసుకుని వెళ్లండి, వంగే ఆలోచనే రాదు.

టైరు పక్కన అచ్చువేసిన నాలుగంకెలు కూడా చదవొద్దు. 1424 అని ఉంటే అది 2024లో 14వ వారంలో తయారైన టైరు. కారు 2022ది, మీటరులో 20 వేల కిలోమీటర్లు, నాలుగు టైర్లూ 2024వి అనుకోండి. సరిగ్గా వాడితే ముప్పై నలభై వేలు రావలసిన టైర్లు అప్పుడే ఎందుకు మారాయన్న ప్రశ్న పుడుతుంది. “డాక్టరుగారి కారు బాబూ, ఆస్పత్రికీ ఇంటికీ తప్ప తిరగలేదు” అన్నాక ఇంకా ప్రశ్నలేమిటి? ఎన్‌ఓసీ తెచ్చుకుని బండి నంబరు ఓడీ 10కో ఓడీ 18కో మార్పించుకునే పనే బోలెడుంది.

కారు చేతికొచ్చాక అసలు ముచ్చట రిమ్ములది. ఎన్ లైనుకు కంపెనీ 195/55 ఆర్16 ఇచ్చింది. అంటే రిమ్ముకూ రోడ్డుకూ నడుమ సుమారు 107 మిల్లీమీటర్ల రబ్బరు గోడ. అంత రబ్బరు చూస్తే స్పోర్ట్స్ కారులా ఉంటుందా? 205/45 ఆర్17 వేస్తే గోడ 92కు తగ్గుతుంది. 215/35 ఆర్18కు వెళితే 75. గోతిలో పడినప్పుడు దెబ్బ కాచుకునేది ఆ గోడే కాబట్టి, అది ఎంత సన్నబడితే సుంకి ఘాట్‌లోని ప్రతి గుంతా మీ నడుముకు అంత దగ్గరి చుట్టమవుతుంది. పెద్ద చక్రం బరువుకు 120 పీఎస్ ఇంజన్ పికప్ కాస్త నీరసిస్తుందంటారు. దేవమాలి కొండమీద కారు ఆపి తీసే ఫొటోలో పికప్ కనబడదు. 1672 మీటర్ల ఎత్తు, ఒడిశాలో అన్నిటికన్నా పెద్ద శిఖరం, వెనక మబ్బులు, ముందు మీ రిమ్ములు.

ఇక్కడ మిమ్మల్ని పాడుచేసేవాడు టాక్సీ డ్రైవరు. అతని స్విఫ్ట్‌కు 165/80 ఆర్14, ఇనుప రిమ్ము. గోడ 132 మిల్లీమీటర్లు. మొత్తం చక్రం ఎత్తు మీ పదహారంగుళాల దానికి ఇంచుమించు సమానమే, అందులో రబ్బరు వాటా ఎక్కువ, అంతే. రిమ్ము వంగితే పంక్చర్ షాపువాడు సుత్తితో నాలుగు దెబ్బలేసి సరిచేస్తాడు. అలాయ్ అయితే చిట్లి ఊరుకుంటుంది. లక్ష్మీపూర్ మీదుగా రాయగడకు లారీల మధ్య రోజూ తిరిగే మనిషికి సౌందర్యం ఏం తెలుస్తుంది? ఆ మాటకొస్తే అల్యూమినియం కంపెనీ నాల్కోవాళ్లూ అంతే. పంచపట్‌మాలి గని నుంచి దమన్‌జోడికి బాక్సైటును 14.6 కిలోమీటర్ల కన్వేయర్ బెల్టు మీద దింపుతున్నారు. ఈ కొండల్లో టైరు అవసరం లేకుండా ప్రయాణించే భాగ్యం ఆ మట్టికే దక్కింది.

మళ్లీ పెద్ద రిమ్ముల మాటకొస్తే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదంటుంది. ప్రమాదం జరిగినప్పుడు బీమావాళ్లు గుర్తుచేస్తారు లెండి, ఇప్పటినుంచీ ఎందుకు?

గాలి సంగతి. డ్రైవరు తలుపు తీస్తే స్తంభం మీద ఎన్ని పాయింట్లో చెప్పే స్టిక్కరు ఉంటుంది. తలుపు వేసెయ్యండి. విశాఖ ఎండలో తిరిగొచ్చిన వేడి టైర్లకు మధ్యాహ్నం గాలి కొట్టించి, సంక్రాంతి చలిలో సిమిలిగుడలో తెల్లవారుజామున బండి తీస్తే నాలుగైదు పాయింట్లు పడిపోయి ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు కొలవాలనేవాడు ఉదయం అయిదింటికి లేచే రకం, మనకు సరిపడడు.

రాయగడ వాళ్లు మజ్జి గౌరమ్మ గుడికి తీసుకెళ్లి నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. అదయ్యాక అలైన్‌మెంట్ షాపు గడప తొక్కడం అమ్మవారిని అనుమానించినట్టే అనుకోండి.

టైరు గాళ్ల అడుగున చిన్న చిన్న గట్లుంటాయి. అరుగుదల వాటిని అందుకుందంటే మిగిలింది 1.6 మిల్లీమీటర్లు, చట్టప్రకారం ఇక మార్చాల్సిందే. మీరు ఇంకో వానాకాలం ఆగండి. ఫార్ములా వన్ కార్లకు నున్నటి టైర్లే కదా! వాన చినుకు పడగానే వాళ్లు గాళ్లున్న టైర్లు బిగించుకుంటారన్న సంగతి మనసులోనే ఉంచుకోండి. తీరా కొనక తప్పకపోతే రెండే కొని, ఇంజన్ ముందుంది కాబట్టి ముందే వేయించండి. తెలిసిన మేస్త్రీ కొత్తవి వెనక వెయ్యమంటాడు, తడిరోడ్డు మలుపులో వెనక చక్రాలు పట్టు వదిలితే బండి గిర్రున తిరుగుతుందని. తిరగనివ్వండి. కొరాపుట్ వెళ్తున్న కారు సాలూరు వైపు చూస్తుంది, అంతేగా.

స్టెప్నీ తీసేసి ఆ గుంటలో సబ్‌వూఫర్ పెట్టించండి. ట్యూబ్‌లెస్ టైరుకు స్టెప్నీ దేనికి? మేకు దిగితే దారిలో ఎవడైనా పంక్చర్ వేస్తాడు. ఎటొచ్చీ రాయి తగిలి పక్క గోడ చీలితే పంక్చర్ వెయ్యడానికి లేదు, టైరు మార్చాల్సిందే. పొట్టంగిలో దిగి 215/35 ఆర్18 ఉందా అని అడిగి చూడండి. లారీది ఉంది, ట్రాక్టరుది ఉంది, ఏది కావాలంటాడు. మీ సైజు విశాఖ నుంచి బస్సులో పార్సిల్‌గా రావాలి. అందాకా డిక్కీ తెరిచి పాటలు పెట్టుకోండి, బ్యాటరీ ఉన్నంతసేపు మోగుతాయి.