ఎక్కించడం వచ్చు, దించడం రాదు

ఈ కాలం పిల్లలు ప్రోగ్రామ్‌ని సర్వర్ మీదికి ఎక్కించడం చూస్తే ముచ్చటేస్తుంది. దించే తీరు చూస్తే ఒళ్లు మండుతుంది. గిట్‌లోకి కోడ్ పంపిస్తారు, టీ తాగి వచ్చేలోపు క్లౌడ్‌లో కొత్త వెర్షన్ నడుస్తూ ఉంటుంది. మరి అప్పటిదాకా నడిచిన పాతది ఏమైంది, దాని చేతిలో ఉన్న పనులేమయ్యాయి అని అడిగితే, "అదంతా క్లౌడే చూసుకుంటుంది సార్" అంటారు. చూసుకోదు నాయనా!

మా రోజుల్లో సర్వర్ అంటే ఏసీ గదిలో కళ్లెదుట ఉండే పెట్టె. కొత్త వెర్షన్ పెట్టాలంటే అర్ధరాత్రి దాటాల్సిందే. ముందు సైట్ మీద "కాసేపు ఆపుతున్నాం" అని నోటీసు పెట్టేవాళ్లం. లాగ్ చూస్తూ కూర్చుని, చివరి లావాదేవీ పూర్తయ్యాకే ప్రోగ్రామ్ ఆపేవాళ్లం. ఆపేది మేమే కాబట్టి ఆగేటప్పుడు ఏం జరుగుతుందో మాకు తెలిసేది. కొత్త మెషీన్ రావడానికి వారాలు పట్టేదన్నదీ నిజమే. ఆ అవస్థ మళ్లీ రావాలని నేను కోరను, ఆ శ్రద్ధ రావాలంటాను.

ర్యాన్ డాల్ 2009లో నోడ్ జెఎస్ తెచ్చాక బ్రౌజర్‌లో రాసే జావాస్క్రిప్ట్‌తోనే సర్వర్ రాయడం సులువైంది. 2013లో డాకర్ వచ్చాక దాన్ని కంటెయినర్‌లో పెట్టి ఏ మెషీన్ మీదికైనా పంపడం తేలికైంది. రెండూ గొప్ప మేలే. కానీ ప్రోగ్రామ్‌ని ఆపే పని మన చేతిలోంచి పోయింది. కొత్త వెర్షన్ వస్తే క్లౌడ్ ఆపుతుంది, రద్దీ తగ్గినా ఆపుతుంది. అమెజాన్‌లో చవగ్గా దొరికే స్పాట్ మెషీన్‌నైతే రెండు నిమిషాల ముందు చెప్పి వెనక్కి తీసేసుకుంటుంది. పట్టపగలు, జనం వాడుతుండగానే.

ఈమధ్య ఒక టీమ్ తల పట్టుకుని కూర్చుంది. డిప్లాయ్ చేసినప్పుడల్లా కొన్ని పేమెంట్లు మధ్యలో తెగిపోతున్నాయి. కస్టమర్ డబ్బు కట్ అవుతోంది, ఆర్డర్ నమోదు కావట్లేదు. గేట్‌వేని అనుమానించారు, డేటాబేస్‌ని అనుమానించారు. డాకర్‌ఫైల్ చివరి లైన్ మాత్రం ఎవరూ చూడలేదు. అక్కడ "ఎన్‌పీఎం స్టార్ట్" అని ఉంది.

క్లౌడ్‌లో కంటెయినర్లను నడిపించే కుబెర్నెటీస్ ఒక కంటెయినర్‌ని ఆపేటప్పుడు ముందుగా సిగ్‌టర్మ్ అనే సిగ్నల్ పంపుతుంది. మామూలుగా 30 సెకన్లు గడువిస్తుంది. అప్పటికీ ఆగకపోతే సిగ్‌కిల్‌తో చంపేస్తుంది. పైన ఎన్‌పీఎం, దాని కింద షెల్, ఆ కింద నోడ్ ఉంటే సిగ్నల్ నోడ్ దాకా చేరకపోవచ్చు. నోడ్‌నే మొదటి ప్రాసెస్‌గా నడిపినా, హ్యాండ్లర్ రాయకపోతే లైనక్స్‌లో ఆ సిగ్నల్ పనిచేయదు. గడువు తీరగానే చేతిలో ఉన్న పేమెంట్లతో సహా చావాల్సిందే.

అందుకని నోడ్‌ని నేరుగా నడపండి, సిగ్‌టర్మ్‌కి హ్యాండ్లర్ రాయండి. మనం తప్పుకుంటున్నామని లోడ్ బ్యాలెన్సర్‌కి తెలియడానికి కాస్త సమయం పడుతుంది కాబట్టి, సిగ్నల్ రాగానే కొన్ని సెకన్లు ఆగండి. ఆ తర్వాత సర్వర్ డాట్ క్లోజ్‌తో కొత్త కనెక్షన్లు ఆపండి, చేతిలో ఉన్న రిక్వెస్టులు పూర్తి కానివ్వండి, చివర్లో డేటాబేస్ కనెక్షన్లు మూయండి. కొద్ది లైన్ల పని ఇది. ఇంత చేసినా మెషీనే హఠాత్తుగా పోయే రోజు వస్తుంది. అందుకే ప్రతి పేమెంట్‌కీ ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చి, అదే రిక్వెస్టు రెండోసారి వచ్చినా డబ్బు ఒక్కసారే కట్ అయ్యేలా రాయాలి.

సరిగ్గా రాశామో లేదో తెలుసుకోవడానికి క్లౌడ్ కూడా అక్కర్లేదు. మీ ల్యాప్‌టాప్‌లోనే కంటెయినర్ నడిపి "డాకర్ స్టాప్" కొట్టి గడియారం చూడండి. పని తక్కువగా ఉన్నా సరిగ్గా పది సెకన్లకే ఆగిందంటే మీ ప్రోగ్రామ్ సిగ్నల్ వినలేదని అర్థం, గడువు తీరాక డాకరే చంపింది. ఈ చిన్న పరీక్ష నెగ్గని కోడ్‌ని జనం డబ్బు లెక్కల దరిదాపుల్లోకి కూడా రానివ్వకండి.