గోడలో ఉన్న ఊపిరిని

ఈ ఇంటికీ నాకూ ఒకటే వయసు. 1992లో టెక్సాస్‌లోని కాపెల్‌లో ఈ ఇంటికి చెక్క చట్రం లేచి, గోడలకింకా షీట్‌రాక్ పలకలు కొట్టని రోజుల్లోనే నన్ను లోపల పరిచారు. రెండంగుళాల ప్లాస్టిక్ గొట్టం అటకలో పాకి, గోడల సందుల్లోంచి దిగి, కింద మూడు చోట్లా మేడ మీద రెండు చోట్లా చిన్న మూతల దగ్గర ఆగుతుంది. మోటారు, దుమ్ము పట్టే డబ్బా మాత్రం గరాజ్ గోడకు ఉంటాయి. నన్ను సెంట్రల్ వాక్యూమ్ అంటారు.

అప్పట్లో కాపెల్ నిండా ఇళ్లు కట్టే చప్పుడే. 1974లో దక్షిణం పక్కన డాలస్-ఫోర్ట్‌వర్త్ (డీఎఫ్‌డబ్ల్యూ) విమానాశ్రయం మొదలయ్యాక ఈ ఊరి రాత మారింది. 1990 లెక్కల్లో 16,881 మంది ఉన్న ఊళ్లో పదేళ్లు తిరిగేసరికి 35,958 మంది అయ్యారు. గోడలు మూయకముందే గొట్టాలు వేయడం సులువు కాబట్టి నాలాంటివాళ్లం కొత్త ఇళ్లలో కుదురుకున్నాం.

నా పని పెద్ద చిక్కుది కాదు. మూత ఎత్తి పొడవాటి గొట్టం గుచ్చితే, లోపలి సన్నటి వైరు గరాజ్‌లో ఉన్న నాకు కబురు పెడుతుంది. నేను తిరుగుతాను. దుమ్ము గోడల్లోంచి ప్రయాణం చేసి నా డబ్బాలో పడుతుంది. మిగిలిన గాలిని గరాజ్ గోడకున్న రంధ్రంలోంచి బయటికి వదిలేస్తాను. అది మళ్లీ గదుల్లోకి రాదు. నాకున్న గొప్ప గుణం అదొక్కటే.

నన్ను బిగించిన మేస్త్రీ తెలివైనవాడు. గోడల్లో ప్రతి మలుపునూ గుండ్రంగా తిప్పాడు. మూత వెనకాల మాత్రమే కురచ వంపు పెట్టాడు. పెన్సిలో, పుల్లో లోపలికి పోతే అక్కడే ఆగుతుంది, చేత్తో తీసేయొచ్చు. కానీ మేజోడు అలా ఆగదు. మెత్తగా వంగి ఆ వంపు దాటేస్తుంది. మొదట ఉన్న కుటుంబంలో పిల్లవాడి మేజోడు ఒకటి అలాగే దాటి, మేడ నుంచి దిగే మలుపులో ఇరుక్కుంది. పైన పీల్పు తగ్గింది. ఎందుకో ఎవరూ చూడలేదు. నెమ్మదిగా నన్ను వాడడం మానేశారు. పొడవాటి గొట్టం ఎటో పోయింది. గోడలకు రంగు వేసినప్పుడు నా మూతల మీద కూడా వేసేశారు.

తర్వాత ఈ ఇల్లు ఒక తెలుగు కుటుంబం కొనుక్కుంది. వాళ్లు మూతల్ని చూసి పాత టెలిఫోన్ ప్లగ్గులేమో అనుకున్నారు. ఒక పోర్టబుల్ వాక్యూమ్ తెచ్చుకున్నారు. దాని బరువు ఏడెనిమిది కిలోలు ఉంటుంది. అది గరాజ్‌లో నా పక్కనే నిలబడేది. దాని మీద నాకు కోపం లేదు. పిలిచిన చోటికి పోయేది, చెప్పిన పని చేసేది.

ఒక చలికాలం గుంటూరు నుంచి నానమ్మ ఆరు నెలలకని వచ్చింది. ఇల్లు ఊడవకుండా ఆమెకు కాఫీ దిగదు. చీపురు వెతికింది. ఈ తివాచీల్లో చీపురు పనిచేయదని తెలిసి వాక్యూమ్ పట్టింది. పొద్దున్నే దాన్ని ఒక్కో మెట్టూ ఎక్కించేది, ఒక్కో మెట్టూ దించేది. పదో రోజుకి నడుం పట్టేసింది. అయినా ఎవరికీ చెప్పలేదు. గరాజ్‌లో దాన్ని పెట్టాక ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేత్తో నడుం నొక్కుకునేది. అది చూసింది నేనొక్కదాన్నే.

జనవరిలో ఇక్కడ సీడార్ పుప్పొడి కాలం. దక్షిణాన హిల్ కంట్రీ కొండల్లోని చెట్ల పుప్పొడి గాలికి ఎగిరి మా దాకా వస్తుంది. ఆరేళ్ల మనవరాలికి రాత్రుళ్లు పిల్లికూతలు మొదలయ్యాయి. మందులు డాక్టరు ఇచ్చాడు. పాప నిద్రపోయే వేళ పక్క గదిలో వాక్యూమ్ మోగితే లేచి కూర్చునేది. ఆ యంత్రం వెనక నుంచి వచ్చే గాలిలో పాత దుమ్ము వాసన ఉండేది. దాని ఫిల్టరు మార్చి ఏడాది దాటింది మరి.

"ఏమండీ, తేలిగ్గా ఉండే కార్డ్‌లెస్ ఒకటి కొందాం. గరాజ్‌లో ఉన్న ఈ డబ్బా ఎవరికైనా ఇచ్చేద్దాం, చోటు ఖాళీ అవుతుంది" అంది కోడలు.

"తీసేసేముందు అసలు అదేంటో ఒకసారి చూపిద్దాం" అన్నాడు ఆమె భర్త.

ఆ రాత్రి మా ఇద్దరి వంశాలూ గుర్తొచ్చాయి. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు దుమ్ము పీల్చే యంత్రం చేశాడు. అది గుర్రపు బండి మీద వీధిలోనే నిలబడేది, కిటికీల్లోంచి గొట్టాలు మాత్రం ఇంట్లోకి వెళ్లేవి. మరుసటి ఏడు ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి వెస్ట్‌మినిస్టర్ అబ్బేలోని తివాచీలు శుభ్రం చేసింది అదే. మోటారు బయట, పీల్పు లోపల అన్న నా పద్ధతి అక్కడిదే. నా పక్కనున్న దాని మూలపురుషుడు ఒహైయోలోని కాంటన్‌లో జేమ్స్ ముర్రే స్పాంగ్లర్. దుకాణంలో ఊడ్చే పని, పైగా ఆయాసం. ఊడుస్తుంటే లేచే దుమ్ముకి ఊపిరాడక ఫ్యాను మోటారు, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి ఒక యంత్రం కట్టుకున్నాడు. 1908లో దానికి పేటెంటు వచ్చింది. పాప పిల్లికూతలు వింటున్న ఆ రాత్రి నాకు అర్థమైంది. నా పక్కన నిలబడ్డది శత్రువు కాదు. ఒక మనిషి ఊపిరి కోసం పుట్టింది.

మర్నాడు బాగుచేసే మనిషి వచ్చాడు. నా ప్లగ్గు పెట్టి, డబ్బా దగ్గర అరచెయ్యి ఆనించి చూశాడు. మోటారు బాగుంది. కత్తితో మూతల చుట్టూ రంగు గీసి తెరిచాడు. కింద పీల్పు ఉంది, పైన లేదు. "లోపల ఏదో అడ్డం పడింది. మీ వాక్యూమ్ ఉందా?" అన్నాడు. పోర్టబుల్‌ని మేడ మీదికి తీసుకెళ్లి, దాని గొట్టం నా మూతకు ఆనించి, సందుల్లేకుండా అరచేత్తో మూసి స్విచ్ వేశాడు. వెనక్కి లాగుతున్న ఆ పీల్పుకి మలుపులో పాతుకున్నది కదిలింది. కాసేపటికి టప్‌మని బయటికొచ్చింది బూడిదరంగు ముద్ద. విప్పి చూస్తే చిన్న మేజోడు. ఇన్నేళ్ల తర్వాత నా గొంతు విప్పింది నా పక్కన నిలబడ్డదే.

ఎండిపోయిన రబ్బరు అంచులు మార్చారు. నానమ్మ 30 అడుగుల గొట్టాన్ని మెట్లెక్కించే పని లేకుండా పైనొకటి, కిందొకటి గొట్టం కొన్నారు. తివాచీకి ఉత్త పీల్పు చాలదు కాబట్టి తిరిగే బ్రష్షు పెట్టించారు.

నేను బాగయ్యాక మొదటిసారి నా డబ్బా విప్పింది నానమ్మే. డ్రైవ్‌వే మీద పాత పేపరు పరిచి బోర్లించింది. నాలుగు ఆవాలు, బియ్యం గింజలు, సంక్రాంతి ముగ్గుపిండి, పాప బొమ్మ ఇటుక ఒకటి, ముద్దకట్టిన వెంట్రుకలు. అన్నిటి కిందా మైదాలాంటి బూడిదరంగు పొడి. ఆ పొడిని వేలితో తాకి, "అమ్మాయ్, ఇదంతానా మనం పీలుస్తున్నది?" అంది. కోడలు వంగి చూసి చాలాసేపు మాట్లాడలేదు.

నన్ను మించినది లేదని నేను చెప్పను. కడుతున్న ఇంట్లో పెట్టించుకోవడం తేలిక, కట్టిన ఇంట్లో కష్టం. ఇల్లు మారితే వెంట రాను. నా మోటారు ఆగితే ఇల్లంతటికీ పని ఆగుతుంది. నా గాలి బయటికి కాక గరాజ్‌లోకే వదిలేలా బిగిస్తే నా గొప్ప గుణం సగం పోయినట్టే. అద్దె ఇంట్లో, అపార్ట్‌మెంట్‌లో పోర్టబుల్‌దే న్యాయం. కొనేటప్పుడు హెపా ఫిల్టరు ఉందో లేదో చూడాలి. అది 0.3 మైక్రాన్ల కణాల్లో నూటికి 99.97 పట్టేస్తుంది. గాలి సందుల్లోంచి కారకుండా మొత్తం ఫిల్టరు గుండానే పోయేలా బిగుతుగా ఉండాలి. ఫిల్టరును వేళకి మార్చాలి.

పక్క ఊరు ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉండే కోడలి చెల్లెలు ఫోన్ చేసి ఏది కొనమంటావని అడిగితే నానమ్మ చెప్పింది. "గుంటూరులో అయితే గచ్చు నేల, తడిగుడ్డ చాలు. ఇక్కడ తివాచీలాయె. నువ్వు తేలికైంది కొనుక్కో. ముందు రెండు సంగతులు చూసుకో. రోజూ మోసేదెవరు, పట్టిన దుమ్ము ఎటు పోతోంది."

ఆ మధ్యాహ్నం పాప సోఫాలో నిద్రపోతోంది. నానమ్మ చప్పుడు కాకుండా మూత ఎత్తి గొట్టం గుచ్చింది. రెండు గోడలవతల గరాజ్‌లో నేను తిరగడం మొదలుపెట్టాను. పాప కదలలేదు.