125 యూనిట్లకు ఒక బిళ్ల

మెల్‌బోర్న్‌లో సూర్యుడి ధర ఎంతో తెలుసా? యూనిట్టుకు 0.04 సెంట్లు. అచ్చుతప్పు కాదు. ఇంటిమీది సోలార్ కరెంటులో మీరు వాడుకోగా మిగిలింది గ్రిడ్డుకు పంపితే దక్కాల్సిన కనీస ప్రతిఫలం ఇదేనని 2025-26కు గాను విక్టోరియా రాష్ట్ర నియంత్రణ కమిషన్ లెక్కగట్టి మరీ తేల్చింది. ఆస్ట్రేలియాలో అతి చిన్న నాణెం 5 సెంట్ల బిళ్ల. అంతకన్నా చిన్నవాటిని 1992లోనే వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టారు. కాబట్టి 125 యూనిట్లు ధారపోస్తే ఒక బిళ్ల గిట్టుబాటు. సున్నా అని రాస్తే మర్యాదగా ఉండదనుకున్నారో ఏమో, చివర్న ఆ నాలుగు తగిలించారు.

అదే కరెంటు చీకటి పడ్డాక కొనబోతే యూనిట్టు ముప్పై సెంట్ల దరిదాపుల్లో ఉంటుంది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. మధ్యాహ్నం మీ కప్పు మీంచి వెళ్లిన యూనిట్టు పక్కింటి ఏసీలోకి దూరేసరికి దానికీ ముప్పై సెంట్ల విలువ వచ్చేస్తుంది. తీగల అద్దె, స్తంభాల అద్దె అంటారు. నిజమే, అవి ఊరికే రావు. కానీ ప్రహరీగోడ దాటినందుకే ఇంత యాత్రాఫలం కాశీకి వెళ్లొచ్చినవాళ్లకు కూడా దక్కి ఉండదు!

ఇదే రాష్ట్రం 2009లో యూనిట్టుకు 60 సెంట్లు ఇస్తామని జనాన్ని నిచ్చెనలు ఎక్కించింది. ఇప్పుడు అందరి కప్పులూ ఒకేసారి మిట్టమధ్యాహ్నం కాసేసరికి హోల్‌సేల్ మార్కెట్లో ధర సున్నా కిందికి కూడా జారుతోంది. లెక్క ప్రకారం కమిషన్‌ను తప్పుపట్టలేం. పైగా 2024 అక్టోబరు నుంచి పెట్టే కొత్త ప్యానెళ్లను అవసరమైతే దూరం నుంచే ఆపేసే ఏర్పాటు కూడా ఉంది. అంటే ఊరికే ఇస్తామన్నా వద్దనే హక్కు వాళ్లదే.

సరే, వాళ్ల తెలివి వాళ్లది. మన తెలివి మాటేమిటి?

పగలంతా ఆ కరెంటును అడ్డికి పావుశేరు చొప్పున వదిలేసి, రాత్రి పదకొండు తర్వాత స్నానాల నీళ్లు కాచుకునే ఇళ్లు ఆస్ట్రేలియాలో ఇంకా ఉన్నాయి. ఎందుకంటే తాతల నాడు బొగ్గు కేంద్రాలను రాత్రిపూట ఆపడం కుదిరేది కాదు. ఆ మిగులు కరెంటుకు ఏదో ఒక పని చెప్పాలి కనుక ఇంటింటి వేడినీళ్ల ట్యాంకుకూ రాత్రి వేళ కట్టారు. హేజెల్‌వుడ్ బొగ్గు కేంద్రం 2017లో మూతపడింది. ట్యాంకు మాత్రం ఇంకా దానికి విధేయంగా అర్ధరాత్రి మేలుకుంటోంది. పెరట్లో కాసిన మునక్కాయలు దారినపోయేవాళ్లకు పంచేసి, సాయంత్రం సాంబారుకు అవే మునక్కాయలు సూపర్‌మార్కెట్లో కొనుక్కునే సంసారం ఇది.

250 లీటర్ల ట్యాంకును 15 డిగ్రీల నుంచి 60కి తేవాలంటే సుమారు 13 యూనిట్లు కావాలి. ఇదేమీ చిన్న సీసా కాదు. వేలకు వేల డాలర్లు పోసి కొనే బ్యాటరీల్లో చాలావాటికి సమానమైన నిల్వ ఇంటి వెనక గోడవారన నిలబడి ఉంది. అందులోని 3.6 కిలోవాట్ల రాడ్‌ను పగటి వేళకు మార్చే టైమర్ ఉంది. మబ్బు పట్టినప్పుడు తగ్గి, ఎండ కాసినప్పుడు పెరుగుతూ మిగులు కరెంటును మాత్రమే ట్యాంకులోకి మళ్లించే డైవర్టర్లూ ఉన్నాయి. హీట్ పంపయితే అదే పని మూడో వంతు కరెంటుతో ముగిస్తుంది. కానీ వీటి గురించి చెప్పేవాడేడీ? బ్యాటరీ మీద కమీషన్ ఉంది, కేంద్రం డిస్కౌంటు ఉంది, వీకెండ్ పార్టీలో చెప్పుకోవడానికి యాప్ ఉంది. వేడినీళ్ల ట్యాంకును ఫోన్లో చూపించి బావమరిదిని ఎవడు కుళ్లబెట్టగలడు?

మెల్‌బోర్న్ శివార్లలోని టార్నీట్, పాయింట్ కుక్ వైపు మనవాళ్ల సంగతి ఇంకో అడుగు ముందుంది. కప్పు మీద ప్యానెళ్లు, గోడకు గ్యాసు హీటరు. పైన సూర్యుణ్ని దానమిచ్చి, కింద గ్యాసు బిల్లు కట్టే పుణ్యాత్ములు. 2027 మార్చి నుంచి పాడైన గ్యాసు హీటరు స్థానంలో కరెంటుదే పెట్టాలని ప్రభుత్వం నిబంధన తెస్తోంది. అప్పుడు మళ్లీ వాట్సాప్ గ్రూపుల్లో గోల!

హైదరాబాద్, విజయవాడల్లో నవ్వుతున్నవాళ్లు కాస్త ఆగండి. సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ తీసుకున్నారు. ఇచ్చిన యూనిట్టుకు యూనిట్టు చెల్లేసే నెట్ మీటరింగ్ ఉన్నంతకాలం ట్యాంకు గొడవ మీకు లేదు. కానీ ప్యానెల్ ఆయుష్షు 25 ఏళ్లని మీకు అమ్మినవాడే చెప్పాడు. విక్టోరియాలో రేటు తలకిందులు కావడానికి 16 ఏళ్లే పట్టింది.

మెల్‌బోర్న్ అన్నయ్యలకు ఒక్క మాట. బ్యాటరీ కొటేషన్ పక్కన పెట్టి, ముందు ట్యాంకు ఏ వేళకు కాగుతోందో చూడండి. రాత్రి వేళకు కట్టి ఉంటే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పగటికి మార్పించండి. 60 డిగ్రీలకు తక్కువ మాత్రం పెట్టకండి, గోరువెచ్చటి నిల్వనీళ్లలో లెజియొనెల్లా బాక్టీరియా పెరుగుతుంది.