తప్పు సరిపోయింది

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. 2025 తోతాపురి సీజను. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, సర్కారు 4 రూపాయలు ఇవ్వాలన్న ఏడాది. గేటు బయట ట్రాక్టర్లు రేయింబవళ్ళు బారులు తీరి ఉంటే, లోపల మేనేజరు దిగులు వేరే. యజమానికి పంపాల్సిన రిపోర్టు తెరిస్తే చాలు, 'డివిజన్ బై జీరో' అని ఎర్రక్షరాలు.

తిరుపతి నుంచి ప్రోగ్రామరు కుర్రాణ్ణి పిలిపించారు. రైతుకు చెల్లించిన ప్రతి నూరు రూపాయలకూ హమాలీ ఖర్చు ఎంతయిందో చెప్పే క్వెరీ అది. కొందరి చెల్లింపు గడిలో సున్నా ఉంది. సున్నాతో భాగిస్తే అంకె మారదన్నాడు 9వ శతాబ్దపు మహావీరాచార్యుడు (మన పావులూరి మల్లన తెనిగించింది ఆయన గణితాన్నే). ఫ్యాక్టరీ లెక్కలుండే పోస్ట్‌గ్రెస్ డేటాబేసుకు అంత ఉదారత లేదు. వేల వరసల్లో ఒక్కచోట సున్నా తగిలినా రిపోర్టు మొత్తం ఆపేస్తుంది. 1997లో అమెరికా యుద్ధనౌక యార్క్‌టౌన్ ఇలాంటి సున్నా వల్లే సముద్రంలో నిలిచిపోయింది.

"సార్, వీళ్ళకి చెల్లింపు సున్నా అనుందే, ఎందుకు?"

"అది తర్వాత చూస్తాంలే. ముందు ఆ ఎర్రది పోగొట్టబ్బా."

నల్ఇఫ్ అని ఒక్క మాట చేర్చాడు. సున్నాను అది 'విలువ లేదు'గా మార్చేస్తుంది. భాగహారం గొడవ చేయదు, గడి ఖాళీగా మిగులుతుంది. సగటు కట్టేటప్పుడు ఆ ఖాళీలు లెక్కలోకే రావు కాబట్టి అంకె చూడముచ్చటగా వచ్చింది.

"ఈ ఖాళీ గళ్ళు ఎబ్బెట్టుగా ఉండాయే" అన్నాడు మేనేజరు. ఇంకో షరతు రాస్తే ఆ వరసలూ ఎగిరిపోయాయి. పేర్లు చదివే తీరిక ఇద్దరికీ లేకపోయింది.

రాత్రి తిరుపతిలో దోసె తింటుంటే బంగారుపాళ్యం నుంచి నాన్న ఫోను.

"కాయ తోలి నెల దాటె. దుడ్లు పడలేదు నాయనా. ఈ పొద్దు సాయంత్రం ఫ్యాక్టరీ కాడికి పోయి అడిగితిని."

"ఏమన్నారు?"

"పొద్దున దాకా కంప్యూటరు తప్పు తప్పని మొత్తుకుంటా ఉన్నిందంట. తిరప్తి నించి ఎవురో తెలివైనోడొచ్చి సరిజేసినాడంట. ఇప్పుడు చూస్తే దుడ్లు రావాల్సినోళ్ళు ఒక్కరూ లేరంట."